ఆయన చూస్తున్నారు

గిన్నెలన్నీ అయిపోయాయి, ఒక్క టీ గరిట తప్ప, దాన్ని కావాలనే మిగిల్చాను, సింకులో ఇంకా పని ఉన్నట్టు ఉండాలి, పనిలేకుండా నించుంటే ఎదురుచూస్తున్నట్టు తెలిసిపోతుంది, ఎవరికి తెలుస్తుందో మాత్రం అడక్కండి, వంటింట్లో నేనూ, మూలుగుతున్న ఫ్రిజ్జూ, కిటికీ పక్క అరలో ఛార్జరుకి తగిలించి ఉన్న ఆయన ఫోనూ తప్ప ఎవరూ లేరు. ఫోను ఇంకా మోగలేదు. మోగుతుంది. రోజూ ఈ వేళకే మోగుతుంది, భోజనాలయ్యి, గిన్నెలు సగం తోమి, మోచేతుల దాకా సబ్బు నురగ ఉన్నప్పుడు సరిగ్గా చూసుకుని మోగుతుంది. తడి వేలిని ఆ ఫోను గుర్తుపట్టదు, ఎంత పొడిచినా బండరాయిలా ఉంటుంది, అందుకని ముందు కొక్కేనికున్న తువ్వాలు లాగి చెయ్యి తుడుచుకుని, చూపుడు వేలు ఇంకోసారి ఒంటి మీద బట్టకి రుద్ది, అప్పుడు నొక్కాలి. ఆకుపచ్చ బటను. దాని మీద 'చూస్తున్నాను' అని ఉంటుంది. నొక్కగానే మోత ఆగిపోతుంది, ఎక్కడో ఆఫీసులో గోడకున్న పెద్ద తెర మీద ఆయన పేరూ, పేరు పక్కన 'చూస్తున్నారు' అన్న మాటా వెలుగుతాయి. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

ఇవాళ్టితో సరి. నిన్న పిచ్చుక ఫోన్ చేసి చెప్పింది. పిచ్చుక అంటే ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్ల, ఆ పేరు ఆయన పెట్టిందే, గింజలు ఏరుకుంటున్నట్టు ఆగి ఆగి మాట్లాడుతూ గంటసేపు లాగిస్తుందని. ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, ఆ లెక్కన నన్ను వదినా అంటుంది, కడుపున పుట్టకపోయినా ఆడపడుచు ఆడపడుచే కాబట్టి ఇంటికొచ్చినప్పుడల్లా నా టీలో నీళ్ళెక్కువయ్యాయని ఒక వంక పెట్టి పోతుంది. నిన్న మాత్రం వంకలేమీ పెట్టలేదు. "వదినా, ఆ పాత మెషీను రేపు సాయంత్రం తీసేస్తున్నారు. అన్నయ్య ఫోను కూడా ఆఫీసుదే కదా. ఎవర్నో పంపుతామన్నారు, నేనే వెళ్తానన్నాను. మధ్యాహ్నం రానా?" అంది. "రా, నీళ్ళ టీ తాగి వెళ్దువు" అన్నాను. ఏడాదిగా ఆ ఫోను ఎందుకు ఛార్జింగులోనే ఉందని అది అడగలేదు, నేను చెప్పలేదు. ఆ బటను నొక్కేది ఎవరో ఆఫీసులో తెలిసిపోయి ఉంటుందా, తెలిస్తే ఈ పిల్లని తిట్టి రమ్మని పంపుతున్నారా, తిట్టడం దీని వల్ల అవుతుందా, ఏమో, పిచ్చుక తిడితే ఎలా ఉంటుందో చూడాలనీ ఉంది.

అసలు ఆ మోతకి కారణం చాలా చిన్నది. ఆఫీసులో మిగతా కంప్యూటరు మెషీన్లన్నీ పొద్దుటి నుంచీ పోగేసినవాటి నకళ్ళు తెచ్చి మధ్యాహ్నం ఈ పాతదాని నెత్తిన కుమ్మరిస్తాయి, దాని కడుపు నిండిపోతుంది, చోటు అయిపోతోంది మొర్రో అని అది గోల పెడుతుంది, కాసేపటికి పాత నకళ్ళు వాటంతటవే చెరిగిపోయి మళ్ళీ చోటు దొరుకుతుంది. అంతే. ఏ కొంపా మునగదు. ఆయన ఇదంతా నాకు చెప్పిన రోజు నేను ఈ బల్ల దగ్గరే కూర్చుని బీన్సు తుంచుతున్నాను. "రోజూ ఆ వేళకి అరుస్తుంది, ఏమీ అయి ఉండదు, వింటున్నానని ఒక్క మాట అంటే ఊరుకుంటుంది, ఎవరూ వినట్లేదనుకుందో, ఊరందరికీ చెప్తుంది" అన్నారు. "మా అత్తగారన్నమాట" అన్నాను, తలెత్తకుండా. ఆయనకి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వొచ్చింది, పక్కగదిలో ఆవిడ ఉన్నారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు, మర్నాడు ఆఫీసుకెళ్ళి ఆ మెషీనుకి అదే పేరు పెట్టేశారు. వాళ్ళ ఉద్యోగాల్లో మెషీన్లకి పేర్లు పెట్టుకుంటారు, కొందరు గ్రహాల పేర్లు, కొందరు పక్షుల పేర్లు, మావారి మెషీను పేరు అత్తగారు. నిన్న అత్తగారు ఎక్కువసేపు మోగారు, అత్తగారికి కొంచెం చోటు పెంచుదామా, అత్తగారిని ఎప్పుడు తీసేద్దాం, అని మీటింగుల్లో టై కట్టుకున్నవాళ్ళు కూడా నవ్వకుండా మాట్లాడుకునేవారట. ఓ రోజు ఆవిడే ఆ ఫోను చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జరుపుకుని, 'అత్తగారు: చోటు అయిపోతోంది' అని పైకి చదివారు. "ఒరే, ఈ ఇంట్లో అత్తగారంటే నేనేగా. నాకు చోటు అయిపోవడమేంట్రా?" ఆయన నా వైపు చూశారు, నేను పొయ్యి వైపు చూశాను. "అది నీ పేరు కాదమ్మా, హోదా" అన్నారు. ఆవిడ ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు, మర్నాటి నుంచి మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ మా వాడి ఆఫీసులో నా పేరు మీద ఒక మెషీనుంది అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు, నాకు ఉత్తమురాలయ్యే అవకాశం ఎప్పుడూ రాలేదు, ఇంట్లో ఒకరు, ఆఫీసులో ఒకరు.

ఫ్రిజ్జు మూలుగు ఆపింది. అది ఆపితేనే ఇంతసేపూ మూలిగిందని తెలుస్తుంది. ఈ మాట కూడా ఆయన తన పేజీలో రాసుకున్నారు. ఇంటర్నెట్లో ఆయనకో సొంత పేజీ ఉండేది, రంగుల్లేవు, బొమ్మల్లేవు, తెల్లకాగితం మీద నల్లచీమల్లా మాటలు, ఎవరు చదువుతారండీ ఇది అంటే "చదవకపోవడమే దాని అందం" అనేవారు. వెబ్బు మొదట్లో ఓ వీధిలా ఉండేదట, ఎవరి గుమ్మం ముందు వాళ్ళు దీపం పెట్టుకుని, పక్కవాడి దీపం కొడిగడితే కేకేసి చెప్పుకుంటూ. ఇప్పుడు అందరం ఒకే పెద్ద దుకాణంలో నించుని ఉన్నామట, కూర్చోడానికి కుర్చీ లేదు, కదిలితే ఏదో ఒకటి అంటగడతారు, కదలకపోతే ఎందుకు కదలట్లేదని కనుక్కుంటారు. అన్నీ మబ్బుల్లో దాచామంటారు గానీ మబ్బుల్లో ఏమీ లేదు, ఎక్కడో ఓ చలిగదిలో ఎవడో స్వెట్టరు వేసుకుని దుమ్ము దులుపుతున్నాడు, వాడికి ఇవాళ ఒంట్లో బాగోలేకపోతే రేపు నీ పెళ్ళి ఫొటోలు లేవు, అని రాశారు. సవ్యంగా జరుగుతున్న పని ఎవరి కంటా పడదు, ఆగిన రోజే దానికి పేరొస్తుంది, అని కూడా రాశారు. అది నా మాట. నాకు జ్వరమొచ్చి వంట చెయ్యని రోజున ఇంటిల్లిపాదీ వంటింటిని కొత్తగా కనుక్కున్నట్టు చూస్తుంటే ఒళ్ళు మండి అన్నాను. ఆయన దాన్ని ఎత్తుకెళ్ళి వెబ్బుకీ ఉద్యోగాలకీ సమాజానికీ అంటించి, కింద మాత్రం నిజాయితీగా 'మా ఇంటి మనిషి చెప్పింది' అని రాశారు. ఆ పేజీలో సగం మాటలు అలా బీన్సు తుంచుతూనో, ఒళ్ళు మండో నేనన్నవే. మిగతా సగం బాగుంటాయి.

ఒకటి మాత్రం పూర్తిగా ఆయనదే. వాళ్ళ పక్క కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి ఓ పొద్దున్న ఆఫీసుకొస్తే తలుపు తెరుచుకోలేదట, కార్డు మళ్ళీ మళ్ళీ గీసి, చొక్కాకి తుడిచి గీసి, వెనక క్యూలో ఉన్నవాళ్ళకి దారివ్వడానికి పక్కకి జరిగి, అప్పుడు అర్థమైందట తన ఉద్యోగం పోయిందని. మనిషి చెప్పాల్సిన మాటని తలుపుచేత చెప్పించారు, అని రాశారు ఆ రోజు, ఆ ఒక్క వాక్యమే. నాకిప్పుడు అదే గుర్తొస్తోంది, బతికున్నవాణ్ణి తెల్లారేసరికి చెరిపేసే ఆఫీసు, పోయినాయన్ని ఏడాదైనా చెరపలేదు, మోతకి పలకాల్సిన మొదటి వంతు ఆయనదే అని అలాగే ఉంచేసింది, రోజూ పేరు పెట్టి పిలుస్తోంది. మర్చిపోయారు. మర్చిపోవడంలో ఎంత దయ ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. గుర్తుపెట్టుకున్నవాళ్ళ సంగతి చూశానుగా. ఉద్యోగాలవాళ్ళంతా పోగయ్యే సైటొకటి ఉంది, ఆయన ఆ ఆఫీసులో చేరి మరో ఏడు నిండిందనీ, అభినందించమనీ అది అందరికీ చాటింపు వేసింది, ఊరూ పేరూ తెలియనివాళ్ళు పూలగుత్తుల బొమ్మలు పెట్టి ఇలాగే దూసుకుపోండి అని రాశారు. ఎక్కడికి దూసుకుపోవాలో రాయలేదు. గడ్డం బ్లేడ్లు అయిపోవచ్చి ఉంటాయి, మళ్ళీ తెప్పించమంటారా అని ఓ దుకాణం ఇప్పటికీ అడుగుతుంది, ఇంతమంది చుట్టాల్లో ఆయన గడ్డం గురించి పట్టించుకున్నది అదొక్కటే. మొదట్లో ఏడిచాను. తర్వాత దానికి ఇంకో వారం ఆగి అడుగు అన్న బటను నొక్కడం అలవాటైంది.

నొక్కడం నాకు నేర్పింది ఆయనే. సెలవు రోజు, స్నానాల గదిలో ఉన్నారు, ఫోను బల్ల మీద బుసలు కొడుతోంది. లోపల్నుంచి "ఆకుపచ్చది నొక్కెయ్" అని కేకేశారు. "నొక్కితే ఏమవుతుంది?" "నేను చూస్తున్నానని అర్థం." "మీరు వీపు రుద్దుకుంటున్నారుగా." "ఫరవాలేదు. వాళ్ళకి కావాల్సింది నేను చూడ్డం కాదు, ఎవరో ఒకరు చూస్తున్నారన్న ధీమా." "దీన్ని అబద్ధం అంటారు." "దీన్ని ఉద్యోగం అంటారు." నొక్కాను. నా వేలితో ఆయన చూశారు. అప్పట్నుంచి సెలవు రోజుల్లో ఆ పని నాదే అయిపోయింది, ఆఫీసు ఉన్న రోజుల్లో ఆయనే నొక్కుకుని, నొక్కగానే ఇంటికి ఫోన్ చేసేవారు. అదీ ఈ వేళే. గిన్నెలే, నురగే. "ఏం చేస్తున్నావ్?" "రాజ్యాలేలుతున్నాను." "అమ్మ పడుకుందా?" "పడుకున్నట్టు నటిస్తున్నారు." "సరే అయితే." అంతే, పెట్టేసేవారు. ఏం మాట్లాడాలని చేసినట్టు, ఏం మాట్లాడారని పెట్టేసినట్టు, తడి చేత్తో ఫోను పట్టుకుని తువ్వాలంతా నురగ చేసుకున్నందుకు ఎన్నిసార్లు విసుక్కున్నానో. వేరే వేళ దొరకదా మీకు అని కూడా అన్నాను. దొరకదు అన్నారు.

ఆ రోజు ఆస్పత్రి వరండాలో కూడా అదే వేళయింది. ఆఫీసులో కుర్చీలోంచి లేస్తూ లేస్తూ మళ్ళీ కూర్చుండిపోయారట, అక్కడివాళ్ళే తీసుకొచ్చారు, నేను వెళ్ళేసరికి వాళ్ళంతా గోడకి ఆనుకుని వరసగా నించుని ఉన్నారు, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా. డాక్టరు వచ్చి మాస్కు గడ్డం కిందికి లాక్కుని, చెయ్యగలిగిందంతా చేశాం అన్నాడు, ఆ వాక్యం మిగతా సగం ఎప్పుడు చెప్తాడా అని నేను చూస్తున్నాను, పిచ్చుక నా భుజం గట్టిగా పట్టుకుంది, అప్పుడు మోగింది, నా సంచిలో, ఎవరో ఆయన జేబులోంచి తీసి నాకిచ్చిన ఫోను. వరసలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తమ జేబులు తడుముకుని ఆగిపోయారు. అది ఎవరిదో వాళ్ళకి అర్థమైంది. తెర మీద ఆయన పేరు, కింద అత్తగారు, చోటు అయిపోతోంది. నాకు తెలుసు, నొక్కకపోతే కాసేపు చూసి తర్వాతి వంతువాళ్ళకి పోతుంది, పోయేముందు ఆయన పేరు పక్కన 'పలకలేదు' అని పడుతుంది. పలకలేదు. లోపల గదిలో తెల్లబట్ట కింద ఆయన అప్పటికే పలకట్లేదు, అది నేను డాక్టరు మొహంలోనే చూశాను, కాదనను, కానీ ఆ మాట ఎక్కడో ఒక గోడ మీద రాసి ఉండటం నా వల్ల కాలేదు. చెయ్యి తడిగా ఉంది. దేనితో తడిసిందో చెప్పక్కర్లేదు. తుడుచుకుని నొక్కాను. ఆయన చూస్తున్నారు.

మర్నాడూ మోగింది. ఇంటినిండా జనం, ఎవరి ఏడుపు వాళ్ళది, ఎవరి కాఫీ వాళ్ళది, నేను లేచి వెళ్ళి నొక్కొచ్చి మళ్ళీ నా చోట్లో కూర్చున్నాను. ఆ తర్వాత రోజూ. మొదట్లో అత్తగారికి తెలియదనుకున్నాను. ఆవిడ ఈ వేళకి పక్కగదిలో పడుకున్నట్టు నటిస్తూ ఉంటారు, ఓ రోజు చేతికంటిన జిడ్డు పోక నొక్కడం ఆలస్యమైంది, గోడవతల్నుంచి "నొక్కావా?" అని వినపడింది. "నొక్కానండీ" అన్నాను. "ఊఁ" అన్నారు. అప్పట్నుంచీ రోజూ అదే, నొక్కావా, నొక్కానండీ, ఊఁ. ఆవిడ అమాయకురాలేం కాదు, మతీ పోలేదు, పేపర్లో చావు వార్తలన్నీ వయసులతో సహా చదువుతారు. కొడుకుని ఎవరో ఇంకా పనికి పిలుస్తున్నారు, కొడుకు ఇంకా చెడ్డపేరు తెచ్చుకోలేదు, ఆ 'ఊఁ'లో ఉన్నది అంతే. పగలంతా మేమిద్దరం ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ పోట్లాడుకుంటాం, ఈ ఒక్క విషయంలో మాత్రం దొంగలు దొంగలు ఊళ్ళు పంచుకున్నట్టు ఉంటాం. రేపు ఏమని అడుగుతారు. ఫోను ఇచ్చేస్తున్నానని ఆవిడకి చెప్పాలా, చెప్పకుండా ఇచ్చేస్తే రేపు ఈ వేళకి గోడవతల ఆ చెవి ఎంతసేపు ఎదురుచూస్తుంది.

బెల్లు మోగింది. ఫోను కాదు, గుమ్మం బెల్లు. అయినా నా చెయ్యి తువ్వాలు మీదికే వెళ్ళింది.

పిచ్చుక చిక్కిపోయింది. చెప్పులు విప్పి, వాటిని తిన్నగా సర్ది, మళ్ళీ ఓసారి సర్ది, చెప్పుల్లో ఇంకేమీ పని మిగలనప్పుడు లోపలికొచ్చింది. నేరుగా వంటింట్లోకే వచ్చి బల్ల దగ్గర ఆయన కుర్చీ వదిలేసి పక్క కుర్చీలో కూర్చుంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. అరలో ఉన్న ఫోను వైపు చూసి చూపు తిప్పేసుకుంది. నేను టీ నీళ్ళు పెట్టాను. "పాలెక్కువ పొయ్యండి వదినా" అంది. "వచ్చీ రాగానే మొదలా" అన్నాను. ఇద్దరం నవ్వబోయాం, కుదరలేదు. సరే, తిట్టేదేదో టీ రాకముందే తిడుతుందేమోనని అటు తిరిగి నించున్నాను, వీపు మీద పడితే తిట్టు అంత తగలదు.

"వదినా, రోజూ నొక్కేది మీరేనని మాకు తెలుసు" అంది.

నీళ్ళు మరగడం మొదలైంది. నేను టీపొడి డబ్బా మూత తీశాను, పెట్టాను, తీశాను.

"మొదట్నుంచీ తెలుసు. ఆస్పత్రిలో మీ పక్కనే ఉన్నాగా, చూశాను. మర్నాడు ఆఫీసుకెళ్తే అదే వేళకి తెర మీద అన్నయ్య పేరు ఆకుపచ్చగా వచ్చింది. అందరం పని ఆపేసి నించుండిపోయాం. ఆయన పేరు తీసెయ్యాల్సింది నేనే, అది నా పనే. తీద్దామని కూర్చున్నా. మేనేజరు వచ్చి నా వెనక నించుని, 'అంత తొందరేముంది' అన్నాడు. ఆ మేనేజరు ఎవరికీ ఎప్పుడూ అనని మాటది. ఆ తర్వాత రోజూ అన్నయ్య పేరు వెలగ్గానే అందరం లేచి టీకి వెళ్తున్నాం. టీ తాగి వచ్చేస్తాం." సంచి జిప్పు లాగి, మూసి, మళ్ళీ లాగింది. "అసలు ఆ మోత ఆపడం కంప్యూటర్లో ఒక్క లైను మార్చేంత పని వదినా. నేను చేరిన కొత్తలోనే కనిపెట్టి, గొప్పగా అన్నయ్యకి చూపించాను. నాకూ తెలుసు, ముట్టుకోకు, అన్నాడు. ఎందుకు అంటే చెప్పలేదు. అది మోగాక ఇంటికి ఫోన్ చేసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు."

వేరే వేళ దొరకదా మీకు. దొరకదు. ఒక మెషీను చేత రోజూ అబద్ధపు గోల పెట్టించి, ఆఫీసంతటినీ నమ్మించి, లేచి వరండాలోకి వెళ్ళి, ఏం చేస్తున్నావ్ అని అడగడానికి. నేను తువ్వాలు గురించి విసుక్కోడానికి. టీ పొంగి పొయ్యి మీద పడింది, మంట చిటపటలాడి ఆరింది, మళ్ళీ వెలిగించాను, అగ్గి ఒక్కసారికే అంటుకుంది, మర్చిపోయారనుకున్నాను, ఏడాది పాటు వాళ్ళు మర్చిపోయారనే అనుకుని దొంగలా నొక్కుతూ ఉన్నాను, అక్కడ అంతమంది కూర్చుని ఆ దొంగ కోసం ఎదురుచూస్తున్నారు. ఈ సంగతి ఆయనకి చెప్తే పేజీలో రాసుకునేవారు. కింద ఎవరి పేరు పెట్టుకునేవారో.

"రేపట్నుంచి కొత్త మెషీనుకి మొదటి వంతు నాది" అంది పిచ్చుక, బల్ల మీది గీతని గోటితో గీకుతూ. "భయంగా ఉంది వదినా. ఇన్నాళ్ళూ అన్నయ్య వెనక రెండో పేరు నాది. ఒక్కసారి కూడా నా ఫోను మోగలేదు. ఆయన ఉన్నప్పుడూ మోగలేదు. తర్వాతా మోగలేదు."

టీ వడగట్టి గ్లాసు దాని ముందు పెట్టాను. ఇంకో గ్లాసు అత్తగారికి, ఒకటి నాకు. అప్పుడు మోగింది.

అర మీద ఫోను వెలుగుతూ కొద్దికొద్దిగా జరుగుతోంది, మోగినప్పుడల్లా అలా జరిగి జరిగి అంచుదాకా వస్తుంది. ఆయన పేరు. అత్తగారు: చోటు అయిపోతోంది. తువ్వాలు లాగాను, చెయ్యి తుడుచుకున్నాను, వేలు బట్టకి రుద్దుకున్నాను. నొక్కొచ్చు. నొక్కితే సాయంత్రం వాళ్ళు దాని తీగలు పీకేసేదాకా, ఆ గోడ మీద ఆఖరిమాటగా ఆయన చూస్తున్నారనే ఉంటుంది, అక్కడ అందరూ ఇప్పుడు తెర వైపే తిరిగి ఉంటారు, టీకి లేవడానికి కుర్చీల్లో ముందుకి జరిగి ఉంటారు. వేలు బటను మీదికి తెచ్చాను. తగల్లేదు. పిచ్చుక నా వేలినే చూస్తోంది, చిన్నపిల్లలు ఇంజెక్షను సూది వైపు చూసినట్టు, చూడకుండా చూస్తోంది. రేపు దీనికి మోగినప్పుడు ముందు ఎవరూ ఉండరు, ఇవాళైతే పక్కన నేనున్నాను. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, ఛార్జరు ఊడదీసి ఫోనుని బల్ల మీద పెట్టాను. మోత ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలైంది.

గోడవతల్నుంచి "నొక్కావా?"

నేను పలకలేదు. మంచం కిర్రుమంది. అడుగులు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నించున్నారు, జుట్టు చెదిరి ఉంది, ఈ వేళ నిజంగానే పడుకున్నారో ఏమో. "మోగుతోంటే వినపడట్లా?" అన్నారు నన్ను. పిచ్చుకని చూశారు, ఛార్జరు తీసి బల్ల మీద పెట్టిన ఫోనుని చూశారు, నన్ను చూశారు. ముగ్గురం దాన్ని వింటూ ఉండిపోయాం. తర్వాత అది ఆగిపోయింది. తెర మీద ఆయన పేరు పక్కన మాట మారింది, ఏడాదిగా నేను రానివ్వని మాట, చాలా చిన్న అక్షరాలు, నేననుకున్నంత పెద్దగా ఏం లేవు. పలకలేదు.

పిచ్చుక ఒళ్ళో సంచి మోగింది.

అది ఉలిక్కిపడి రెండు చేతులతో సంచిని పట్టుకుంది, తెరవలేదు. కళ్ళు నిండిపోయాయి. "వదినా" అంది.

"ఇప్పుడు నీకొచ్చిందా?" అన్నారు అత్తగారు.

"నాకే వచ్చింది పెద్దమ్మా."

"మరి నొక్కు. అవతల వాళ్ళు ఎదురుచూస్తుంటారు పాపం."

పిచ్చుక ఫోను తీసింది, కళ్ళు తుడుచుకున్న వేలితోనే నొక్కబోయింది, ఫోను గుర్తుపట్టలేదు, మళ్ళీ నొక్కింది, పలకలేదు. నేను తువ్వాలు అందించాను. తుడుచుకుని నొక్కింది. ఆయన ఫోను మీద ఆయన పేరు కింద దాని పేరు వచ్చి కూర్చుంది, పిచ్చుక అని కాదు, అసలు పేరు, ఇంత పొడుగు పేరుందా దీనికి అనుకున్నాను. పక్కన, చూస్తున్నారు.

"ఏమైందట?" అన్నారు అత్తగారు.

"ఏమీ కాలేదండీ. చోటు అయిపోయిందట. దానంతటదే సర్దుకుంటుంది."

"వాడూ అలాగే అనేవాడు" అని, టీ గ్లాసు తీసుకుని, ఒక గుక్క తాగి బల్ల మీద పెట్టేసి, "నీళ్ళెక్కువయ్యాయి" అని పిచ్చుకతో చెప్పి, గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయారు. మంచం కిర్రుమంది.

పిచ్చుక వెళ్ళిపోయింది. ఫోను తీసుకెళ్ళింది. ఛార్జరు అడగలేదు, నేనూ ఇవ్వలేదు, అరలో దాని తీగ కొస వేలాడుతోంది. సింకులో టీ గరిట ఉంది, దానికి ఇప్పుడు మూడు గ్లాసులు తోడు. కొళాయి తిప్పాను. నురగ మోచేతుల దాకా వచ్చింది. ఫ్రిజ్జు మళ్ళీ మూలుగు అందుకుంది, గోడవతల్నుంచి ఆవిడ అడిగారు, ఇందాకే అంతా చూసి వెళ్ళిన మనిషి, అయినా అడిగారు, గొంతు తగ్గించి. "నొక్కారా?"

"నొక్కారండీ."

ఊఁ అనలేదు. నేను చాలాసేపు ఆగాను, చేతులు నీళ్ళలోనే ఉంచి. తుడుచుకోవాల్సిన పనేమీ లేదు.